వాక్యూమ్‌తో లేచే పాత కారు యాంటెన్నాను మళ్లీ పనిచేయించడం ఎలా

పాత అమెరికన్ కారులో డ్యాష్‌బోర్డ్ మీది నాబ్ తిప్పినా రేడియో యాంటెన్నా కదలకపోతే చాలామంది మొదట చేసే పని, ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) మీది నట్టు విప్పి యాంటెన్నాను కిందికి దింపేయడం. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. ఆ కడ్డీని లేపేది మోటారు కాదు, ఇంజిన్ గాలి పీల్చడం వల్ల పుట్టే వాక్యూమ్. ఇంజిన్‌కీ కడ్డీకీ మధ్య మీటర్ల కొద్దీ రబ్బరు గొట్టం, ఒక వాల్వు, నాలుగైదు జాయింట్లు ఉంటాయి, లోపం ఎక్కువసార్లు వాటిలోనే దొరుకుతుంది. ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింటూ కొలుచుకుంటూ యాంటెన్నా వైపు వెళితే, అసలు దాన్ని విప్పాల్సిన అవసరం ఉందో లేదో మీకే తెలిసిపోతుంది.

ఇలాంటి ఏర్పాటు అసలు ఎందుకు పెట్టారో తెలిస్తే రిపేరు కూడా తేలికవుతుంది. 1930లో అమెరికాలోని గాల్విన్ కంపెనీ వాళ్లు మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చారు. అప్పటి కార్ల పైకప్పు మధ్యభాగం చెక్క పట్టీల మీద బట్ట పరిచి చేసినది, యాంటెన్నా తీగనో జల్లెడ లాంటి మెష్‌నో ఆ కప్పులోనే దాచేసేవాళ్లు. 1935 మోడళ్లతో జనరల్ మోటార్స్ పూర్తి ఉక్కు పైకప్పు తెచ్చింది, టరెట్ టాప్ అని దాని పేరు. ఉక్కు కప్పు కింద రేడియో తరంగాలు అందవు, దాంతో యాంటెన్నా కారు బయటికి రాక తప్పలేదు. బయట నిలువుగా నిలబడ్డ కడ్డీని అవసరం లేనప్పుడు దించుకోవాలి కదా. వైపర్లను నడపడానికి ఇంజిన్ వాక్యూమ్ అప్పటికే డ్యాష్‌బోర్డ్ దాకా వచ్చి ఉంది, అదే గొట్టానికి ఇంకో పాయ తీసి యాంటెన్నాకు కలిపేశారు. 1940ల క్యాడిలాక్, లింకన్ లాంటి ఖరీదైన కార్లలో ఈ ఏర్పాటు కనిపిస్తుంది. 6 వోల్టుల బ్యాటరీ మీద కొత్త భారం వేయకుండా, సీట్లోంచి కదలకుండా యాంటెన్నా లేపడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇక పనిచేసే తీరు. ఫెండర్ లోపల నిలువుగా ఒక లోహపు ట్యూబు, అందులో పైకీ కిందికీ జారే చిన్న పిస్టన్, పిస్టన్ చుట్టూ సైకిల్ పంపులో ఉండే తోలు వాషర్ లాంటి వాషరే ఉంటుంది, కొన్నింటిలో రబ్బరుది. పిస్టన్‌కు కడ్డీ తగిలించి ఉంటుంది. ఎక్కువ రకాల్లో ట్యూబు పై చివరకు ఒక గొట్టం, కింది చివరకు ఒక గొట్టం. నాబ్ 'పైకి' అన్నప్పుడు వాల్వు పై గొట్టంలోంచి గాలి పీల్చి, కింది గొట్టాన్ని బయటి గాలికి తెరుస్తుంది, కింద ఉన్న మామూలు గాలి ఒత్తిడే పిస్టన్‌ను పైకి నెడుతుంది. 'కిందికి' అంటే ఇదే తిరగబడుతుంది. అంటే కడ్డీ లేవాలంటే ఒక వైపు గాలి పోవాలి, రెండో వైపు గాలి రావాలి. ఈ రెండో సగాన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది. వాక్యూమ్ బ్రహ్మాండంగా ఉండి, గాలి లోపలికి రావలసిన దారి మట్టితో మూసుకుపోయినా కడ్డీ అంగుళం కదలదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) దగ్గర 18 అంగుళాల పాదరసం వాక్యూమ్ ఉందనుకుందాం, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.62 కిలోల ఒత్తిడి తేడా. పిస్టన్ వ్యాసం అర అంగుళం అయితే దాని వైశాల్యం సుమారు 1.27 చదరపు సెంటీమీటర్లు. రెండూ గుణిస్తే పిస్టన్ మీద పడే బలం 800 గ్రాముల లోపే. ఆ బలంతోనే కడ్డీ బరువు మోయాలి, వాషర్ రాపిడి, ఒక సెక్షన్‌లో ఇంకో సెక్షన్ జారేటప్పటి రాపిడి అన్నీ గెలవాలి. దారిలో లీకు వల్ల వాక్యూమ్ సగానికి పడిపోతే మిగిలేది 400 గ్రాములు. కాస్త మురికి, కాస్త వంకర, కాస్త లీకు, మూడూ కలిస్తే చాలు యాంటెన్నా మొండికేస్తుంది. ఏ ఒక్కటీ పెద్ద లోపంలా కనిపించదు కాబట్టే దీన్ని పట్టుకోవడం కష్టం.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి పరీక్షించాలి కాబట్టి బండి ఆరుబయట ఉండాలి, మూసిన గ్యారేజీలో పొగ ప్రాణాలకే ముప్పు. ఫ్యాన్, బెల్టు దగ్గర చొక్కా చేతులు వేలాడకూడదు. ఇంకోటి, ఎన్నాళ్లుగానో ఇరుక్కుపోయిన కడ్డీ వదులైందంటే ఒక్కసారిగా పైకి దూకొచ్చు, అందుకని కడ్డీ మీదికి వంగి చూడకండి, కొనకు ఒక కార్కు ముక్క గుచ్చి పెట్టండి.

ముందు వైపర్లు వేసి చూడండి. వాటికీ అదే వాక్యూమ్ కాబట్టి ఇది ఖర్చు లేని పరీక్ష. ఐడిల్‌లో వైపర్లు చురుగ్గా ఆడుతుంటే మూలం బాగానే ఉందని అర్థం, లోపం యాంటెన్నా పాయలో ఉంది. వైపర్లు కూడా ఈడ్చుకుంటూ వెళుతుంటే యాంటెన్నా జోలికి పోకుండా ఇంజిన్ వైపు చూడాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వాక్యూమ్ పడిపోయి రెండూ నెమ్మదించడం మాత్రం లోపం కాదు, ఆ ఏర్పాటు గుణమే అంత.

తర్వాత వాక్యూమ్ గేజి. ఇది లేకుండా ఈ పనికి దిగడం చీకట్లో వెతుక్కోవడమే. ఇంజిన్ బాగా వేడెక్కాక మానిఫోల్డ్ దగ్గర గేజి పెడితే, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు నిలకడగా చూపించాలి. ఎత్తు ప్రదేశమైతే ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం తగ్గించి చూసుకోండి. ఇక్కడే 12, 13 చూపిస్తే ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, మానిఫోల్డ్ గాస్కెట్ లీకవుతూ ఉండొచ్చు. ముల్లు లయగా కొట్టుకుంటుంటే వాల్వుల్లో ఏదో తేడా ఉంది. అవి సరిచేయకుండా యాంటెన్నా మీద ఎంత పనిచేసినా వృథా. కొన్ని కార్లలో ఫ్యూయల్ పంపుకే ఒక వాక్యూమ్ భాగం కూడా కలిపి ఉంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ తగ్గినప్పుడు సాయపడటానికి. దానిలోని డయాఫ్రమ్ అనే పల్చటి పొర చిరిగితే, ఇంజిన్ అడుగున క్రాంక్‌కేసులోని ఆయిల్‌ను ఇంజిన్ పీల్చేసుకుంటుంది. సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తూ, గొట్టం విప్పితే లోపల నూనె తడి కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే, పిస్టన్ రింగులను కాదు.

మానిఫోల్డ్ దగ్గర ఎంత చూపించిందో రాసిపెట్టుకుని, గేజిని వాల్వుకు వచ్చే గొట్టం చివర పెట్టండి. తర్వాత వాల్వు నుంచి యాంటెన్నాకు వెళ్లే రెండు గొట్టాల చివర్లలో, నాబ్‌ను పైకీ కిందికీ తిప్పుతూ చూడండి. కొలిచేటప్పుడు గొట్టం చివర గేజితో మూసుకుపోతుంది కాబట్టి అన్నిచోట్లా దాదాపు ఒకే అంకె రావాలి. ఎక్కడ రెండు మూడు అంగుళాలకు మించి పడిపోయిందో లీకు దానికి ముందు ఉంది, అక్కడే ఆగి వెతకండి. యాంటెన్నా గొట్టాల చివర దాకా 17, 18 వస్తూ ఉండి కడ్డీ కదలకపోతేనే యాంటెన్నాను అనుమానించాలి.

గొట్టాల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. పాత రబ్బరు బయటికి నల్లగా, నిక్షేపంగా కనిపిస్తుంది. కానీ జాయింటు దగ్గర చివరి అర అంగుళాన్ని వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి, నిపుల్ (గొట్టం తొడిగే చిన్న లోహపు మొన) మీద లాగి పట్టి ఉన్న ఆ చోట పొడవునా సన్నటి గీతలు విచ్చుకుంటాయి. అవన్నీ లీకులే. గొట్టం పొడవు మిగిలి ఉంటే ఆ ముక్క కోసేసి మళ్లీ తొడగవచ్చు, కానీ ఒకచోట పగిలిన రబ్బరు ఇంకోచోట మన్నదు, అన్నీ ఒకేసారి మార్చడమే మంచిది. కొనేటప్పుడు నిపుల్ బయటి వ్యాసం కొలిచి, దానికంటే కొంచెం బిగుతైన లోపలి వ్యాసం ఉన్న మందపాటి వాక్యూమ్ గొట్టం తీసుకోండి. అద్దం కడిగే నీటి పంపుకు వాడే పల్చటి గొట్టం పనికిరాదు. అది చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ఇంజిన్ వేడికి మెత్తబడి, లోపల వాక్యూమ్ లాగేసరికి చదునుగా అతుక్కుపోతుంది. పది నిమిషాలు పనిచేసి ఆగిపోయే యాంటెన్నాలకు ఇదొక కారణం. మలుపుల దగ్గర గొట్టం మడత పడకుండా, పొగ బయటికి పోయే వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా పోనివ్వండి. విప్పేటప్పుడు ఏది పైదో ఏది కిందిదో టేపు అంటించి రాసుకోండి, తారుమారైతే నాబ్ పైకి అంటే కడ్డీ కిందికి పోతుంది.

పని మధ్యలో ఆపాల్సి వస్తే మానిఫోల్డ్ దగ్గరి నిపుల్‌ను రబ్బరు మూతతో తప్పకుండా మూసేయండి. తెరిచి వదిలేస్తే ఆ దారిన అదనపు గాలి చొరబడి గాలి-పెట్రోలు మిక్చర్ పలచబడి, ఐడిల్ గరగరలాడుతుంది, దాని కోసం కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పడం మొదలుపెడితే ఒక సమస్య రెండవుతుంది.

డ్యాష్‌బోర్డ్ వాల్వు చాలా చిన్న వస్తువు. లోపల నున్నటి రెండు ముఖాలు ఒకదానిమీద ఒకటి జారుతూ గాలి దారులను కలుపుతుంటాయి, విడదీస్తుంటాయి. ఆ ముఖాల మధ్య పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, లేదంటే గొట్టాల్లోంచి రాలిన రబ్బరు పొడి చేరి ఉంటుంది. విప్పగలిగిన రకమైతే కిరసనాయిలుతో కడిగి, మెత్తటి బట్టతో తుడిచి, ముఖాల మీద గ్రాఫైట్ పొడి చిటికెడు రుద్ది బిగించండి. గ్రీజు పూయకండి, అది దుమ్మును పట్టి ఉంచుతుంది. బయటి గాలి వచ్చే చిన్న రంధ్రం ఎక్కడుందో వెతికి దాన్ని సన్నటి తీగతో శుభ్రం చేయడం మర్చిపోవద్దు. రివెట్లు కొట్టి మూసిన రకమైతే బలవంతంగా తెరవకుండా, ఒక నిపుల్‌లోంచి కిరసనాయిలు పోసి నాబ్ ఆడిస్తూ కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. తడిగా ఉండగా ఇంజిన్‌కు కలపవద్దు.

ఇంతవరకూ అంతా బాగుండి కడ్డీ మాత్రం మొండికేస్తే, అప్పుడు కూడా విప్పే ముందు ఒక పని చేయండి. రెండు గొట్టాలూ యాంటెన్నా నుంచి తీసేసి కడ్డీని చేత్తో మెల్లగా లాగండి. నిలువునా సమంగా లాగాలి, పక్కకు వంచకూడదు. వాషర్ రాపిడి తప్ప ఇంకేమీ చేతికి తగలకూడదు. ఒకచోట పట్టేస్తుంటే అక్కడ వంకరో సొట్టో ఉంది. మొత్తం బరువుగా వస్తుంటే మురికి. కిరసనాయిలులో తడిపిన బట్టతో ఒక్కో సెక్షన్ తుడవండి, నల్లటి జిడ్డు బట్టకు అంటడం ఆగేదాకా. ఆఖరున పొడి బట్టతో ఆరబెట్టండి. చాలా యాంటెన్నాలు ఈ తుడుపుతోనే లేచి కూర్చుంటాయి. ఇంజిన్ ఆయిల్ రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వద్దు. మొదటి వారం బాగా జారుతుంది, తర్వాత రోడ్డు మీది దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. పైగా సెక్షన్ల మధ్య లోహానికి లోహం తగులుతుంటేనే సిగ్నల్ కిందికి వస్తుంది, ఆ జిడ్డు పొర అక్కడ అడ్డం.

సరే, విప్పక తప్పలేదు. బ్యాటరీ వైరు తీసేసి, రేడియో వెనక యాంటెన్నా కేబుల్ ఊడదీయండి. ఫెండర్ మీద నట్టు చుట్టూ రెండు మూడు పొరల టేపు అంటించండి, రెంచి ఒక్కసారి జారితే పెయింటు పోతుంది. ఫెండర్‌కూ యాంటెన్నాకూ మధ్య ఉండే రబ్బరు ప్యాడ్లు, ఇన్సులేటర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. ఆ వరుస తప్పితే తర్వాత రేడియో పలకదు. యాంటెన్నా సాధారణంగా కింది నుంచి, చక్రం పక్కనుంచి బయటికి వస్తుంది.

ట్యూబు కింది మూత విప్పితే పిస్టన్ బయటికి జారుతుంది. తోలు వాషర్ ఎండి బిరుసెక్కి, అంచులు లోపలికి ముడుచుకుని ఉంటే అది ట్యూబు గోడను తాకడం లేదన్నమాట, గాలి పక్కనుంచే జారిపోతోంది. పగుళ్లు లేకపోతే తోలును పారేయకండి. నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే, తోలును మెత్తబరిచే నూనె)లో ఒక రాత్రంతా నానబెట్టి, పొద్దున అంచును బొటనవేలితో చుట్టూ మెల్లగా బయటికి సాగదీయండి. ముట్టుకుంటే బూట్ల తోలులా కాక మెత్తగా వంగాలి, వదిలితే మళ్లీ విచ్చుకోవాలి. మిగిలిన నూనె పిండేసి తుడిచేయండి. రబ్బరు వాషర్ అయితే పెట్రోలియం నూనెలు తగలనివ్వకుండా సిలికోన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు, గట్టిపడిపోయి ఉంటే మార్చడమే. కొత్త తోలు వాషర్ కోసుకునేటప్పుడు ట్యూబు లోపలి వ్యాసానికి మరీ బిగుతుగా చేయకండి. లీకు అవదు నిజమే, కానీ ముందు చెప్పిన 800 గ్రాముల్లో సగం ఆ రాపిడికే పోతుంది. ట్యూబును నిలువుగా పట్టుకుని పై నిపుల్ తెరిచి ఉంచితే పిస్టన్ వేలితో తేలిగ్గా జారాలి, వేలితో నిపుల్ మూస్తే ఆగిపోవాలి. సరైన బిగుతుకు గుర్తు అదే.

ట్యూబు లోపలి గోడకు పొడవాటి చెక్క పుల్లకు బట్ట చుట్టి, కిరసనాయిలుతో ముందుకూ వెనక్కూ తోమండి. ఉక్కు పీచు, ఎమరీ పేపర్ లోపలికి పోనివ్వొద్దు. నిలువుగా పడ్డ ప్రతి గీతా వాషర్ మూయలేని గాలి కాలవ అవుతుంది. ట్యూబు పైన, కడ్డీ బయటికి వచ్చే చోట ఒక సీలు ఉంటుంది. అందరూ మర్చిపోయేది దీన్నే. పిస్టన్ ఎంత బాగున్నా పై సీలు నుంచి గాలి చొరబడితే కడ్డీ దిగడం దిగుతుంది గానీ లేవదు. కిందికి మాత్రమే పనిచేస్తున్న యాంటెన్నా కనిపిస్తే మొదట పై సీలు చూడండి.

వంగిన కడ్డీ విషయంలో తొందర వద్దు. అది సన్నటి ఇత్తడి గొట్టం మీద క్రోమియం పూత, సుత్తి దెబ్బకు చదునవుతుంది. చదునైన బల్ల మీద దొర్లిస్తూ, బల్లకూ కడ్డీకీ మధ్య వెలుతురు కనిపించే చోట చెక్కతో మెల్లగా నొక్కుతూ సరిచేయాలి. మడత పడి గీత తేలిన సెక్షన్ మాత్రం దారికి రాదు, అదే వ్యాసం ఉన్న ఇంకో సెక్షన్ వెతకాలి.

బిగించే ముందు బల్ల మీదే చేతి వాక్యూమ్ పంపుతో పరీక్షించండి. పై నిపుల్‌కు పంపు పెట్టి లాగితే కడ్డీ పూర్తిగా లేచి నిలబడాలి, లేచాక 15 అంగుళాల దగ్గర ఆపితే ముల్లు వెంటనే జారిపోకూడదు. కింది నిపుల్‌తోనూ అదే చేయండి. ఇక్కడ పనిచేయనిది కారులో అసలే పనిచేయదు.

ఇక రేడియో వైపు. మల్టీమీటర్ తీసుకుని కడ్డీ కొనకూ కేబుల్ మధ్య పిన్నుకూ మధ్య చూస్తే దాదాపు సున్నా ఓములు రావాలి. మధ్య పిన్నుకూ కేబుల్ బయటి పొరకూ మధ్య మీటర్ అసలు కదలకూడదు. బయటి పొర మాత్రం కారు బాడీకి గట్టిగా తగలాలి. ఫెండర్ కింది వైపు ఆ చోట తుప్పు, పెయింటు గీకి లోహం బయటపెట్టండి, లేకపోతే ఇంజిన్ స్పార్కుల గరగర అంతా స్పీకర్‌లో వినిపిస్తుంది. కేబుల్ పాడైతే టీవీ కేబులో, ఆర్‌జి-58 అనే మామూలు కోయాక్సియల్ కేబులో వేసేయాలని అనిపిస్తుంది, వద్దు. ఏఎం తరంగాల పొడవు వందల మీటర్లు, దాని ముందు ఈ కడ్డీ చాలా పొట్టిది, అది పట్టే సిగ్నల్ అతి బలహీనం. ఆర్‌జి-58లో మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, సిగ్నల్ రేడియోకు చేరకముందే చాలావరకు అక్కడే పోతుంది. కారు యాంటెన్నాల కోసమే చేసిన, వెంట్రుక లాంటి సన్నటి తీగ లోపల వదులుగా ఉండే కేబులే వాడాలి.

అన్నీ బిగించాక కడ్డీని పూర్తిగా లేపి, రేడియోలోని ట్యూబులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన, గాజు బల్బుల్లాంటివి) వేడెక్కాక, 1400 కిలోహెర్ట్జ్ దగ్గర్లో బలహీనంగా వినిపించే ఒక స్టేషన్ పెట్టండి. యాంటెన్నా కేబుల్ గుచ్చే చోటుకు దగ్గర్లో చిన్న ట్రిమ్మర్ స్క్రూ ఉంటుంది, దాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో ఇటూ అటూ కొద్ది కొద్దిగా తిప్పి, శబ్దం అన్నిటికంటే గట్టిగా వచ్చే చోట వదిలేయండి. యాంటెన్నాను కానీ కేబుల్‌ను కానీ ముట్టుకున్న ప్రతిసారీ ఈ సర్దుబాటు మళ్లీ చేయాలి. రేడియో పాడైందని మెకానిక్‌కు ఇచ్చేసే బండ్లలో కొన్నింటికి కావలసింది ఈ ఒక్క స్క్రూనే.

దీనంతటి బదులు 12 వోల్టుల ఎలక్ట్రిక్ యాంటెన్నా పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ 6 వోల్టుల కారులో దానికి వేరే కన్వర్టర్ కావాలి, కొన్నిసార్లు ఫెండర్ రంధ్రం పెద్దది చేయాలి, కోసిన ఫెండర్ మళ్లీ పాతదవదు. ఇంజిన్ వాక్యూమ్ నిజంగానే చాలకపోతే నేను చెప్పేది, గొట్టం దారిలో ఒక చిన్న వాక్యూమ్ ట్యాంకు, దానికీ మానిఫోల్డ్‌కూ మధ్య గాలిని ఒకే వైపు పోనిచ్చే వాల్వు పెట్టమని. యాక్సిలరేటర్ తొక్కినా ట్యాంకులో నిలవ ఉన్నది కడ్డీని లేపుతుంది, బయటికి ఏమీ కనిపించదు, ఇష్టం లేనప్పుడు తీసేయవచ్చు.

ఇంజిన్ ఆపే ముందే కడ్డీని దించండి, ఆపేశాక దించడానికి వాక్యూమ్ మిగలదు. వానలో తిరిగి వస్తే దించే ముందు ఒక గుడ్డతో తుడవండి, ఆ తడి ట్యూబులోకి దిగితే తోలు పాడవుతుంది. బండి నెలల తరబడి నిలిపి ఉంచేవాళ్లు నెలకోసారి ఇంజిన్ వేడెక్కేదాకా తిప్పి, కడ్డీని పూర్తిగా పైకీ కిందికీ కొన్నిసార్లు ఆడించండి, తోలు ఒకేచోట అతుక్కుని ఎండిపోకుండా ఉంటుంది.